నలుగురు మోసిన పరుపు

ధ్యానమునకు: మార్కు 2:1-12, 1 రాజులు 12:1-16, అపొస్తలుల కార్యములు 6:1-6, లూకా 10:30-35

కపెర్నహూములో పక్షవాయువుగల మనుష్యుని ప్రభువునొద్దకు మోసికొని వచ్చినవారు నలుగురని మార్కు చెప్పుచున్నాడు. మత్తయి సువార్తలో గాని లూకా సువార్తలో గాని ఆ లెక్క లేదు. మార్కు ఒక్కడే వారిని ఎంచెను. ఈ నలుగురి విశ్వాసమును గూర్చి మన సంఘములలో ఎన్నో ప్రసంగములు వినియున్నాము. అయితే ఆ సంఖ్యలో మిక్కిలి సాధారణమైన మరియొక సంగతియు ఇమిడియున్నది. పరుపునకు నాలుగు మూలలు గలవు. నడువలేని పెద్దమనిషిని మోయుటకు నలుగురు కావలెను. ముగ్గురే వచ్చినయెడల ఒక మూల క్రిందికి వ్రేలాడును. ఇద్దరే అయినయెడల వీధి మలుపువరకు పోవుటయే కష్టము. ఒక్కతే అయినయెడల, ఆమె యెంత ప్రేమగలదైనను, ఆ మనుష్యుడు ఇంటనే పడియుండును.

ఈ మాసము మేము ఆలోచింపగోరిన ప్రశ్న ఈ పరుపునకు సంబంధించినదే. నేడు అనేక దేశముల ప్రభుత్వములు ఒక మాట చెప్పుచున్నవి: రోగికి ఆసుపత్రిలోనే సేవ జరుగనక్కరలేదు, సాధ్యమైనంతవరకు అతని ఇంటిలోనే, అతని ఊరిలోనే జరుగవచ్చును, వైద్యమును, వృద్ధుల పోషణను, మందుల సరఫరాను వేరువేరుగా గాక ఒక్కటిగా కూర్చవలెను. ఈ మార్పు చేయకముందు ప్రజల అభిప్రాయము అడుగుదుమనియు వారు చెప్పుచున్నారు. కాగితములు అచ్చువేయుదురు, సభలు పెట్టుదురు, గడువు నియమించుదురు. ఇంగ్లండు దేశములో 2024 అక్టోబరులో అట్టి విచారణ మొదలుపెట్టి, 2025 జూలైలో పదేండ్ల ప్రణాళికను ప్రకటించిరి. ఆసుపత్రినుండి సమాజములోనికి అనునది అందలి మూడు మార్పులలో మొదటిది. ఈ మార్పు మంచిదా, చెడ్డదా? అంతకంటె ముఖ్యముగా, అడుగుట యనగా నేమి? ఎట్టి అడుగుట న్యాయమైనది?

దీనిని ఆలోచించుటకు మేము ఉత్తర ఐర్లండును ఎన్నుకొంటిమి. అది చిన్నది, 2021 జనాభా లెక్కలలో సుమారు 19 లక్షలమంది. అక్కడ 1973 మొదలుకొని వైద్యసేవయు, వృద్ధులకును వికలాంగులకును జరుగు సాంఘిక సేవయు ఒకే కప్పు క్రింద నున్నవి. ఇంగ్లండులో ఆ రెండింటిని కలుపుటకు ఎన్నో యేండ్లుగా తంటాలు పడుచుండగా, ఇక్కడ అవి అర్ధ శతాబ్దమునుండి కలిసియే యున్నవి. కావున ఈ పని ఎక్కడనైనను సులువుగా సాగవలసినయెడల అక్కడ సాగియుండవలెను. ఇదియుగాక మన సంఘములలో పలువురి కుమారులును కుమార్తెలును ఆ రాజ్యపు ఆసుపత్రులలో డాక్టరులుగాను నర్సులుగాను పనిచేయుచున్నారు గనుక ఈ సంగతి మనకు బొత్తిగా పరాయిది కాదు.

2011 డిసెంబరులో జాన్ కాంప్టన్ అను అధికారి నాయకత్వమున అక్కడ ఒక నివేదిక వెలువడెను. అందు 99 సిఫారసులున్నవి. వాటన్నిటికి మూలమైన తలంపు ఒక్కటే: సేవకు కేంద్రము ఆసుపత్రి కాదు, రోగి యిల్లు. ఆసుపత్రుల ఖర్చులో సుమారు నూటికి 5 వంతులు, అనగా 8 కోట్ల 30 లక్షల పౌనులు, ఊరి సేవలకు మార్చవలెనని అనుకొనిరి. 2012 అక్టోబరు మొదలు 2013 జనవరి వరకు ప్రజల అభిప్రాయము అడిగిరి. ఇంటికి దగ్గరగా సేవ జరుగుట మంచిదా యని అడిగినప్పుడు కాదనువాడెవడు? సూత్రమును చాలమంది ఒప్పుకొనిరి.

పిమ్మట వసంతకాలము వచ్చెను. ఆ ప్రణాళికలో ప్రభుత్వము నడుపు వృద్ధుల నివాసగృహములను తగ్గించుట కూడ ఒక భాగము. అయిదేండ్లలో కనీసము సగము మూయవలెనని యుండెను. 2013 ఏప్రిలు, మే మాసములలో కొన్ని ప్రాంతముల ట్రస్టులు సగముతో ఆగక తమ క్రింద నున్న గృహములన్నిటిని మూయుటకు సిద్ధపడినవి. ఆ గృహములలో నున్నవారు ఎనుబది, తొంబది యేండ్ల ముసలివారు. అది వారికి సంస్థ కాదు, ఇల్లే. సేవ ఇంటికి దగ్గరగా వచ్చునని చెప్పిన ప్రణాళికయే తమ యిల్లు తీసివేయునని వారు కనుగొనిరి. దేశమంతట గొప్ప అలజడి పుట్టెను. కొద్ది దినములలోనే ఆరోగ్యమంత్రి ఎడ్విన్ పూట్స్ ఆ పనిని నిలిపివేయించి, దానిని ట్రస్టుల చేతినుండి తీసి పై బోర్డునకు అప్పగించెను.

ప్రజలు మాట మార్చిరని కొందరు అధికారులు అనుకొని యుండవచ్చును. మేమట్లు తలంచుట లేదు. మొదట అడిగినది ఒక సూత్రమును గూర్చి; తరువాత తలుపు తట్టినది ఒక ఇంటిని గూర్చి. వివాహము మంచిదా యని అడిగి, అవునన్న వానిని వెంటనే పెండ్లి పీటలమీద కూర్చుండబెట్టినట్లయినది.

మేము ఈ తలంపునకు విరోధులము కాము. ఆసుపత్రి మంచముమీద అవసరమునకు మించి పడియున్న వృద్ధుని కాళ్లలో బలము త్వరగా క్షీణించును. కొత్తచోట మతి తప్పును. లేని అంటురోగము అంటుకొనును. జబ్బు కుదిరియు, ఇంటివద్ద చూచువారు లేనందున వార్డులోనే వారములు గడుపువారు ఆ దేశములో వందల సంఖ్యలో నుందురు. ఆ మంచము కొరకు అత్యవసర విభాగములో బల్లమీద వేరొకడు కనిపెట్టుచుండును. దీనిని మార్చవలదనుట ప్రేమ కాదు.

అంతేగాక ఈ తలంపు ప్రభుత్వములకంటె ముందుగా సంఘములోనే గట్టిగా వినబడినది. 1964లో జర్మనీ దేశమందలి ట్యూబింగెన్ పట్టణములో ప్రపంచ సంఘముల సమితియు లూథరన్ ప్రపంచ సమాఖ్యయు కలిసి ఒక ఆలోచన సభ జరిపినవి. స్వస్థపరచు పరిచర్య ఆసుపత్రిది మాత్రమే కాదు, డాక్టరులది మాత్రమే కాదు, సంఘమంతటిదని అక్కడివారు తేల్చిరి. తరువాత లెక్క చూచినప్పుడు సంఘముల వైద్యసేవలో నూటికి 95 వంతులు ఆసుపత్రి గోడల లోపల జబ్బు నయముచేయుటకే వ్యయమగుచున్నట్లు కనబడెను. 1968లో క్రైస్తవ వైద్య కమీషను పుట్టుటకు ఈ ఆలోచనయే కారణము. గోడలు కట్టినవారే గోడలను దాటవలెనని చెప్పుట చిన్న సంగతి కాదు.

మన తెలుగు నేలమీద ప్రయాణము మరియొక దిక్కుగా సాగెను. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్‌కు మొదట ఆసుపత్రి లేదు. ఆమె ఇండ్లకు వెళ్లెను, ఒక చిన్న మందులయిల్లు నడిపెను. 1898 నాటికి గాని ఆసుపత్రి తెరువబడలేదు. పదునైదేండ్లు! ఇండ్లలో చేయదగినది చేసి, ఇండ్లలో చేయలేనిది కన్నులార చూచిన తరువాతనే ఆ గోడలు లేచినవి. ఇంటిలో జరుగు వైద్యమును పొగడువారు ఈ భాగమును మరువరాదు. చీకటి గదిలో, వేడినీళ్లు లేనిచోట, మూడు దినములు ప్రసవవేదనపడిన స్త్రీని ఎరిగినవారు ఆసుపత్రిని కట్టిరి.

కాబట్టి ఇల్లా, ఆసుపత్రియా యని రెండు పక్షములు కట్టి వాదించుట మాకు రుచింపదు. మార్కు లెక్కనే మేము తిరిగి అడుగుదుము. ఆసుపత్రి వార్డులో ఒక రోగిని పగలొక నర్సు, రాత్రి యొక నర్సు, ఊడ్చువారు, వంటవారు, మందులిచ్చువారు కలిసి మోయుచుందురు. అతడు ఇంటికి వచ్చిననాడు ఆ పనులలో ఏదియు మాయము కాదు. దుప్పటి మార్చవలెను, ప్రక్క తిప్పవలెను, రెండు గంటల రాత్రి మూత్రమునకు లేపవలెను, మందుబిళ్ళలు లెక్కించవలెను. ఆ పని ఎవరి చేతికి వచ్చును? ఉత్తర ఐర్లండులో 2021 లెక్కల ప్రకారము జీతము లేక ఇంటివారికో పొరుగువారికో సేవచేయువారు సుమారు 2,22,000 మంది. వారిలో 68,000 మందికి పైగా వారమునకు 50 గంటలో అంతకు మించియో ఆ పని చేయుచున్నారు. ఒక ఉద్యోగికి నియమించిన పనిగంటలకంటె ఇది ఎక్కువ. వీరిలో అధికులు స్త్రీలు. తామే వైద్యము పొందవలసిన వయస్సున నున్న భార్యలును భర్తలును అనేకులు. ప్రభుత్వపు కాగితము మీద ‘సమాజము’ అని వ్రాసిన చోట చాలసారులు ఒక కుమార్తె పేరు చదువుకొనవచ్చును. మన దేశములో కోడలి పేరు.

అడుగుటను గూర్చిన ప్రశ్న ఇక్కడనే పదునెక్కుచున్నది. భారము ఎవరిమీదికి పోవుచున్నదో వారిని అడిగిరా?

షెకెములో రెహబామునొద్దకు ప్రజలు వచ్చి, అతని తండ్రి పెట్టిన బరువైన కాడిని తేలిక చేయుమని వేడుకొనిరి. రెహబాము అడుగనివాడు కాడు. మూడు దినముల గడువు పెట్టెను, పెద్దలను విచారించెను, తనతోకూడ పెరిగిన యౌవనస్థులను విచారించెను. పైకి చూచినయెడల లోపమేమియు లేని విచారణ. అయితే లేఖనము ఒక చిన్న సంగతిని దాచలేదు. యౌవనస్థులయొద్దకు పోకమునుపే అతడు పెద్దల ఆలోచనను విడిచిపెట్టెను. అనగా రెండవమారు అడిగినది ఆలోచన కొరకు కాదు. తన మనస్సులో నున్నదానిని పలుకు నోటి కొరకు. మూడవ దినమున ప్రజలు వచ్చినప్పుడు వారికి దొరికినది ఇంకను బరువైన కాడి. పది గోత్రములు అతనిని విడిచిపోయినవి.

లోకపు న్యాయస్థానములును ఈ సంగతిని గ్రహించినవి. 1985లో లండనులోని బ్రెంట్ అను ప్రాంతములో పాఠశాలల మూసివేతను గూర్చి గన్నింగ్ వ్యాజ్యము నడిచెను. అందులో స్టీఫెన్ సెడ్లీ అను న్యాయవాది ప్రజలను అడుగుటకు నాలుగు నియమములు చెప్పగా న్యాయమూర్తి వాటిని అంగీకరించెను. నిర్ణయము ఇంకను రూపుదిద్దుకొనుచున్నప్పుడే అడుగవలెను, జనులు తెలివితో జవాబిచ్చుటకు తగిన కారణములు వారికి తెలుపవలెను, తగిన సమయమీయవలెను, వచ్చిన జవాబులను మనస్సాక్షితో ఆలోచింపవలెను. 2014లో ఆ దేశపు సుప్రీముకోర్టు హారింగే వ్యాజ్యములో ఈ నియమములను బలపరచెను. ఈ నాలుగింటితో రెహబామును తూచి చూడుడి. గడువు ఇచ్చెను, సరియే. కారణము ప్రజలే చెప్పిరి. కాని మొదటిదానియందును కడపటిదానియందును అతడు తప్పిపోయెను. మనస్సాక్షితో ఆలోచించుట యనునది ఏ చట్టమును బయటనుండి చూచి కొలువలేనిది. న్యాయస్థానము అంతవరకు వచ్చి మనస్సాక్షి అను మాటను ఆశ్రయింపవలసి వచ్చుట మాకు ఆశ్చర్యముగా నున్నది.

యెరూషలేములో జరిగినది వేరు. అనుదిన ఆహారపు పంపకములో గ్రీకుభాష మాటలాడువారి విధవరాండ్రు విడువబడుచున్నారని సణుగు పుట్టెను. వారు కొద్దిమంది, పరభాషవారు, విధవరాండ్రు. ఏ సభలోనైనను చిట్టచివర కూర్చుండువారు. పంపకము మొత్తముమీద బాగుగనే జరుగుచున్నదని అపొస్తలులు చెప్పియుండవచ్చును. అది నిజమైయు నుండవచ్చును. వారట్లు చెప్పలేదు. శిష్యుల సమూహమునంతటిని పిలిచి, ఏడుగురిని మీరే ఏర్పరచుకొనుడని పనిని వారికి విడిచిపెట్టిరి. ఏర్పడినవారి పేర్లు చూడుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లు. గ్రీకు పేరు గలవాడెల్ల గ్రీకుభాషవాడని రూఢిగా చెప్పలేము. పన్నిద్దరిలో అంద్రెయ, ఫిలిప్పు అనువారి పేర్లును అట్టివే. అయినను ఏడింటికి ఏడు అట్లుండుట యాదృచ్ఛికమని నమ్ముటయు కష్టమే. ఎవరికి గిన్నె నిండలేదో వారివారి చేతికే గరిటె నిచ్చిరి. ఫిర్యాదును విని, పంపకపు పద్ధతినే మార్చిరి.

అట్టి అడుగుట మన దేశములోనే మన కాలములో జరిగినది. వెల్లూరులో చదివిన రజనీకాంత్ ఆరోలే, మాబెల్ ఆరోలే అను దంపతులు మహారాష్ట్రలోని వడాలా మిషను ఆసుపత్రిలో పనిచేసిరి. నయమై వెళ్లినవారే అదే జబ్బుతో మరల వచ్చుట వారు చూచిరి. అమెరికాలో పై చదువు ముగించుకొని 1970లో జామ్‌ఖేడ్ అను కరవుప్రాంతమునకు వచ్చిరి. ఏమి కావలెనని పల్లెలవారిని అడిగినప్పుడు వారు వైద్యము పేరు ముందుగా ఎత్తలేదు. నీళ్లనిరి, తిండి యనిరి. డాక్టరులకు ఇది నచ్చదగిన జవాబు కాదు. అయినను వారు బావులతోను ఆహారముతోను మొదలుపెట్టిరి. తరువాత ఆ పల్లెల స్త్రీలకే, వారిలో చదువురానివారును దళితులును అనేకులు, ప్రసవములు చేయుటయు, పిల్లల బరువు తూచుటయు, కుష్ఠరోగపు మచ్చను గుర్తించుటయు నేర్పిరి. ఇక్కడ మరువరానిదొకటి: జామ్‌ఖేడ్‌లో ఒక చిన్న ఆసుపత్రియు ఉంచిరి. పల్లెలోని స్త్రీ తన చేతకానిదానిని ఎక్కడికి పంపవలెనో ఎరిగియుండెను. పంపుటకు చోటు లేనియెడల ఆమె ధైర్యముగా పని చేయగలిగి యుండునా?

అయితే అడిగినంతమాత్రమున ఎక్కువమంది చెప్పినదెల్ల చేయవలెనని మేము చెప్పుట లేదు. తమ ఊరి ఆసుపత్రి మూతపడునన్నచో జనులు కోపింతురు, అది సహజము. కాని ఆ కోపము ప్రతిసారి సరియైనది కాదు. 2010లో లండను నగరములో పక్షవాతము వచ్చిన వెంటనే చేయవలసిన వైద్యమును, సుమారు 30 ఆసుపత్రులలో చెదరియున్నదానిని, ఎనిమిది కేంద్రములకు చేర్చిరి. దగ్గరి ఆసుపత్రిని దాటి అంబులెన్సు దూరముగా పోవుట చూచి భయపడినవారుందురు. అయినను తరువాత పరిశోధించినవారు ఆ నగరములో పక్షవాత మరణములు తగ్గినట్లు కనుగొనిరి. రాత్రింబగళ్లు నిపుణుడుండుటయు, తలను వెంటనే చిత్రము తీయు యంత్రముండుటయు దూరపు నష్టమును మించినవి. చేతులెత్తించి లెక్కపెట్టినయెడల ఆ మార్పు జరిగియుండెడిది కాదేమో. కావున ప్రజలను అడుగు అధికారి వారి కోపమునకు లోబడుటకు అప్పుపడియున్నాడని మేమనము. నిజమును పూర్తిగా చెప్పుటకును, వారు చెప్పిన నిజమును తాను విని మార్పు చెందుటకును అతడు అప్పుపడియున్నాడు. ఈ రెండవది మొదటిదానికంటె కష్టము. ఇంటిలో మోయు స్త్రీకి తెలిసినది ఏ నిపుణునికిని తెలియదు.

ఆమె జవాబు వ్రాయదు. ఇదియే ఈ విచారణలన్నిటియందు గల చిక్కు. సాయంకాలము ఆరు గంటలకు పురమందిరములో సభ యన్నప్పుడు ఎవరు రాగలరు? నడువగలవారు వత్తురు, మాటలాడనేర్చినవారు వత్తురు, సంఘములుగా ఏర్పడినవారు వత్తురు. మంచముమీద నున్నవాడు రాడు. వానిని విడిచి ఆమెయు రాలేదు. ఉత్తర ఐర్లండు విచారణకు వచ్చిన జవాబులు రెండు వేలకు మించినవని చెప్పుదురు. ఇంటిలో సేవచేయువారు మాత్రము లక్షలలో నున్నారు.

ఇక ధనమును గూర్చి. సమరయుడు గాయములను దారిలోనే కట్టెను, నూనెయు ద్రాక్షారసమును పోసెను, తన వాహనముమీద ఎక్కించెను, సత్రమునకు చేర్చెను, ఆ రాత్రి తానే చూచుకొనెను. నేటి పరిభాషలో కూర్చిన సేవ యనగా ఇదియే. దారికిని సత్రమునకును నడుమ ఎక్కడను రోగి నేలమీద పడలేదు. మరునాడు అతడు పూటకూళ్లవానిని పిలిచి, నీవు దయగలవాడవు, చూచుకొనుమని చెప్పి పోలేదు. రెండు దేనారములు చేతిలో పెట్టెను. ద్రాక్షతోట ఉపమానమును బట్టి ఒక దేనారము ఒక కూలివాని దినపు కూలి. అది చాలనియెడల తిరిగి వచ్చునప్పుడు మిగిలినది తీర్చుదునని మాట యిచ్చెను. దయగల పూటకూళ్లవానినైనను దయమీద మాత్రమే విడువలేదు.

ఇంటిసేవ చవుకయని తలంచి ఈ మార్పునకు పూనుకొను ప్రభుత్వము ఈ రెండు దేనారములను మరచును. పాత సత్రమును మూయకముందే కొత్తది తెరచియుండవలెను. కొంతకాలము రెండును నడువవలెను. ఆ కాలమున ఖర్చు తగ్గదు, పెరుగును. ఉత్తర ఐర్లండులో మార్చుదుమనిన సొమ్ము అనుకొన్న వేగమున మారలేదు. 2014 డిసెంబరులో సర్ లియామ్ డొనాల్డ్‌సన్ ముగించిన నివేదికలో ఆ ప్రణాళిక అమలు కావలసినంతగా అమలు కాలేదను చింత కనబడుచున్నది. 2016లో రఫాయెల్ బెంగోవా నాయకత్వమున మరియొక సంఘము ఇంచుమించు అదే దిక్కు చూపెను. ఆ మీదట 2017 జనవరి మొదలు 2020 జనవరి వరకు, మరల 2022 ఫిబ్రవరి మొదలు 2024 ఫిబ్రవరి వరకు అక్కడ పూర్తి మంత్రివర్గమే లేకపోయెను. తిరిగి వచ్చి మిగిలినది తీర్చుదునని పూటకూళ్లవానికి మాట యిచ్చినవాడు రాలేదు. వైద్యము కొరకు కనిపెట్టువారి వరుస ఆ రాజ్యమంతటిలో అక్కడనే దీర్ఘము.

ఈ కథ చదివి పరదేశపు కష్టమని పుట త్రిప్పవచ్చును. కాని మన చుట్టును చూచుకొందము. మన జిల్లాలలో మన తాతలు పుట్టిన మిషను ఆసుపత్రులు కొన్ని మూతపడినవి, కొన్ని ఒక వార్డుతో నిలిచియున్నవి. వాటిని గూర్చి తీర్మానము చేసిన కమిటీలు చుట్టుప్రక్కల పల్లెలవారిని ఎన్నడైన పిలిచి అడిగెనా? 2005 మొదలుకొని మన దేశమున ప్రతి పల్లెలోను ఆశా కార్యకర్తలు గర్భిణీ స్త్రీలను, పసిపిల్లలను, క్షయరోగులను చూచుచున్నారు. ఆసుపత్రిని ఇంటికి చేర్చు భారమంతయు వారి చెప్పులమీదనే నడుచుచున్నది. వారికి దొరకునది ఉద్యోగి జీతము కాదు, పారితోషికము. వారు రోడ్డుమీదికి వచ్చి కూర్చున్నప్పుడు త్రోవకు అడ్డమని విసుగుకొనువారిలో మనమును ఉన్నామా యని ప్రతివారు ఎంచుకొనవలసినదే.

కేరళ దేశము దీనిలో మనకంటె ముందున్నది. 1993లో కోళికోడు వైద్య కళాశాలయొద్ద నయముకాని జబ్బుతో బాధపడువారి నొప్పిని తగ్గించుటకు ఒక సొసైటీ ఏర్పడెను. పోనుపోను ఇరుగుపొరుగువారే స్వచ్ఛందముగా శిక్షణ పొంది, వారములో కొన్ని గంటలు అట్టివారి ఇండ్లకు పోవుట నేర్చుకొనిరి. 2008లో ఆ ప్రభుత్వము దీనికై ఒక విధానమును ప్రకటించెను. పంచాయతీలు ఇండ్లకు తిరుగు నర్సును పెట్టుకొనినవి. నర్సు జీతము పంచాయతీది, మందు ప్రభుత్వముది, కూర్చుండి మాటలాడుట పొరుగువానిది, మిగిలినది ఇంటివారిది. నాలుగు మూలలు! హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు కలిసియే ఈ పరుపును మోయుచున్నారు. ఈ పనికి ముందుగా పూనుకొనినది సంఘము కాదని చెప్పుకొనుట మనకు కొంత సిగ్గే.

మన సంఘములకు ఆసుపత్రి నడుపు శక్తి ఇప్పుడు లేకపోవచ్చును. ట్యూబింగెన్‌లో కూడినవారు చెప్పినది శక్తిని గూర్చి కాదు. ప్రతి పాస్టరేటులోను మంచమునకు అంటుకొనియున్నవారు కొందరుందురు. వారి పేర్లు ఆదివారపు ప్రార్థనలో చదువుచున్నాము. వారిని చూచుకొనువారి పేర్లు ఆ పట్టీలో ఉండవు. సంఘకాపరియు పెద్దలును ఇండ్లు దర్శించునప్పుడు, రోగి మంచమునొద్ద ప్రార్థించి లేచిన తరువాత, కాఫీ గ్లాసులు తీసికొని పోవుచున్న ఆ స్త్రీని ఆపి, "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావమ్మా?" అని అడుగవలెనని మా మనవి. మొదట ఆమె ఏమియు లేదండీ యనును. రెండవమారు అడుగుడి. ఆమె చెప్పినదానిని స్త్రీల సమాజపు కార్యదర్శి ఒక నోటుపుస్తకములో వ్రాసి, ఏ యింటిలో ఏ మధ్యాహ్నము రెండు గంటలు ఎవరు కూర్చుందురో, ఆ రెండు గంటలు ఆమె నిద్రపోవునో, బజారునకు పోవునో, గుడికి వచ్చునో అది ఆమె యిష్టమునకే విడిచి, వచ్చే నెల కూటములోగా నాలుగు పేర్లు చొప్పున సిద్ధపరచినయెడల, ఆ పుస్తకము ఎట్లు సాగుచున్నదో ఈ పత్రికకు వ్రాయుడి, ప్రచురింతుము.